దైవము ఐదవది

కార్తికమాసమున కురుమూర్తి జాతరకు పోవుచు దేవరకద్రలో బస్సు కొరకు వేచియున్నప్పుడు, ప్రక్క బల్లమీద కూర్చున్న తల్లీకొడుకుల మాటలు నా చెవిని పడినవి. డిగ్రీ ముగించి రెండేండ్లయినదట ఆ పిల్లవానికి. అద్దము పగిలిన ఫోనులో ఉద్యోగప్రకటనలను బొటనవ్రేలితో పైకి నెట్టుచు, నెట్టుచు, ఒకదానికడ ఆగి చదివి వినిపించెను: ఇంటికడ కూర్చుండియే చేయు డేటా ఎంట్రీ పని, అనుభవ మక్కరలేదు, నెలజీతము 25,000, ముందుగా రిజిస్ట్రేషనుకు 999 రూపాయలు. "మొన్నటిదేమాయె బిడ్డా?" అని తల్లి అడిగెను. "పైసలు గట్టినంక నంబరే కలుస్తలేదమ్మా." ఆమె కొంతసే పూరకుండి, కొంగుతో మొగము తుడుచుకొని, "మన రాత గట్లున్నది" అనెను.

ఆ మాటను నెమరువేయుచునే నేను కొండదాక పోతిని. నొసట వ్రాసినవాడు బ్రహ్మయని పెద్దలందురు. దానితో నాకు తగవు లేదు. కాని ఫోనులో కనబడినదియు రాతయే గదా! దానిని వ్రాసినవాడు బ్రహ్మ కాడు, ఎక్కడనో ఒక గదిలో కూర్చున్న మనిషి. మనిషి వ్రాసిన అబద్ధమును బ్రహ్మ చేవ్రాలని కన్నుల కద్దుకొనుట భక్తి యగునా, లేక దైవమునకే అపచార మగునా?

ఆనుశాసనిక పర్వమున ధర్మరాజు, దైవము గొప్పదా పురుషకారము గొప్పదా యని భీష్ము నడుగగా, ఆయన పూర్వము వసిష్ఠునకు బ్రహ్మ చెప్పిన యుత్తరమును వినిపించెను: పురుషకారము క్షేత్రము, దైవము బీజము, రెండును కూడినగాని ఫలము లేదు. వర్షాధారపు ఎర్రచెలకలు దున్నువారికి ఈ పోలిక ఇట్టే పట్టుబడును. అయితే నల్లగొండ పత్తిరైతు దీనిని విన్నచో ఒక ప్రశ్న వేయక మానడు: విత్తనము అసలుదేనా? నకిలీ విత్తనము చూపునకు అసలుదానివలెనే యుండును. మొలచును, ఏపుగా పెరుగును. కాయ పట్టవలసిన నాటికి గాని దాని గుట్టు తెలియదు. అప్పుడు రైతు గుడికి పోడు. ఖాళీ ప్యాకెట్టును, బిల్లును చేతబట్టుకొని మొదట దుకాణమునకు, పిదప వ్యవసాయాధికారి కడకు పోవును. దుక్కి తనది, వాన దేవునిది, ప్యాకెట్టులోని మోసము అమ్మినవానిది అని అతనికి ఎవరును శాస్త్రము చెప్పనక్కరలేదు. ఆ రైతు కొడుకే ఉద్యోగమును నమ్మి మోసపోయిన నాడు మాత్రము ఇంటిల్లిపాదియు రాత యని ఊరకుందురు.

దీనికి కారణము, రాతకు మారుగా మనము వాడు అదృష్టమను మాటలోనే యున్నదని నా కనిపించును. అదృష్టమనగా కానరానిది. వైశేషికులు ఆత్మయందు నిలుచు ధర్మాధర్మములకు ఆ పేరు పెట్టిరి. మనమో, మొగము కనబడని దాని నెల్ల ఆ పేరుననే పిలుచుటకు అలవాటుపడితిమి. దుకాణదారునకు మొగ మున్నది గనుక అతడు దోషి; ఫోనులోని వానికి మొగము లేదు గనుక వాడు విధి!

పాలమూరు కూలీలకు పని చూపువాడు ఒకప్పుడు ఇట్లు అదృశ్యుడు కాడు. నీటిప్రాజెక్టులకును, కట్టడములకును దూరదేశముల కేగిన 'పాలమూరు లేబరు' వెనుక గుంపుమేస్త్రీ యుండెడివాడు. అతడు ధర్మాత్ముడని నేననను. ఎండకాలపు కరవులో చేతిలో పెట్టిన అడ్వాన్సుతో కుటుంబమును కుటుంబమునే కట్టివేసి, లెక్కలలో కోతలు కోయుట అతని విద్య. ఇట్టి బాధల నరికట్టుటకే గదా, కాంట్రాక్టరు లైసెన్సు పొందవలెననియు, ఇల్లు విడిచి వచ్చిన వానికి స్థానచలన భత్య మీయవలెననియు 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము పుట్టినది! అయినను అతని ఇల్లు ఏ ఊరిలో నున్నదో ఎల్లరకు తెలియును. కడుపు మండిననాడు పోయి అతని గడపమీద కూర్చుండవచ్చును. నేటి ప్రకటనకు గడప లేదు. పని ఇచ్చువాడు 'ప్రముఖ సంస్థ' యను ముసుగు కప్పుకొనును. అడుగువాడు తండ్రిపేరు, ఆధారు, బ్యాంకు ఖాతా సమస్తమును విప్పి చూపవలెను. భక్తునకు భగవంతునకు నడుమ గల సంబంధము వంటిదే ఇది, భగవంతుడొక్కడు తక్కువ. (స్వామి ముందును టిక్కెట్టు లున్నవి గదా యని మీరందురు. ఉన్నవి, కాని టిక్కెట్టు కొన్నవానికి దర్శన మగును.)

ఫోనును నిందించుట నా యుద్దేశము కాదు. సిఫారసు చేయు బంధువెవ్వడును లేని అచ్చంపేట పిల్ల హైదరాబాదులో కొలువు తెలిసికొనుటకు దానికి మించిన సాధనము లేదు. మేస్త్రీ చెర విడిపించినదియు అదియే. రుసుము లేకుండ పేరు నమోదు చేయు జాతీయ కెరీర్ సర్వీసు 2015 నుండి కేంద్రప్రభుత్వము నడుపుచునే యున్నది. కొలువిచ్చువాడు జీతమిచ్చును గాని రొక్క మడుగడను ఒక్కమాట పిల్లలకు తెలిసిన చాలును.

గీత పదునెనిమిదవ అధ్యాయమున ఏ కార్యమునకైనను ఐదు కారణములు చెప్పబడినవి: అధిష్ఠానము, కర్త, కరణము, చేష్ట, చివర దైవము. శంకరులు ఆ దైవమును కన్ను మొదలగు ఇంద్రియముల కనుగ్రహము చేయు ఆదిత్యాదులనిరి. రామానుజులు అంతర్యామియగు పరమాత్మ యనిరి. పిల్లవాని పైసలు పుచ్చుకొని నంబరు మార్చినవానికి ఆ పీట ఇరువురిలో ఎవరును వేయలేదు. వాని పని చేష్టలలోనిది, నాలుగవ లెక్కలోనిది. మొదటి నాలుగింటిని వరుసగా విచారించి, ఎవరి పాలు వారికి పంచి, మిగిలినదేదైన నున్నచో అది దైవమునకు చెందును. మనము ఐదవదానితోనే లెక్క మొదలుపెట్టి అక్కడనే ముగించుచున్నాము.

కురుమూర్తిస్వామి కుబేరుని అప్పు బాధపడలేక తిరుపతి విడిచి ఇచ్చటికి వచ్చెనని స్థలకథ. అప్పులతో ఊరు విడుచు పాలమూరువారికి అంతకంటె దగ్గరి దేవుడు వేరొకడుండునా? ఆయన పాదములకు ఉద్దాలను, అనగా పాదరక్షలను, వడ్డెమానులో చర్మకారులు నియమముతో కుట్టుదురు. అవి ఊరేగింపుగా కొండకు రాగా జనులు తలలకు తాకించుకొందురు. ఆ పని ఎవరిదో దేవునకు తెలియును, ఊరికి తెలియును.

సాయంకాలము దిగివచ్చుచుండగా మెట్ల దగ్గర ఆ తల్లీకొడుకులు మరల కనబడిరి. సైబరు మోసములకు 1930 అను నంబరున్నదని పిల్లవానితో చెప్పితిని. తల్లి కొండవైపు తిరిగి దణ్ణము పెట్టుకొనుచుండగా, అతడు ఆ నంబరు నొక్కి, ఫోను చెవినిడుకొని, అవతలివారి పలుకు కొరకు నిలుచుండెను.