పాము కరిస్తే పిల్లలకు ఏం నేర్పాలి?



ఉపాసకులారా, ఉపాసికలారా, వానలు పడ్డాయంటే మన వాడల్లో పాము భయం మొదలవుతుంది. ఆ భయం వెంటే మంత్రగాడూ వస్తాడు. దీక్ష తీసుకున్నాం, గోడమీద బాబాసాహెబ్ పటం పెట్టుకున్నాం. అయినా పిల్లాడిని పాము కరిస్తే ముందు మంత్రం, తర్వాత పసరు, నోట నురగ వచ్చాక ఆటో. ఇంకొందరు "మంత్రం ఎందుకు, మనకు పరిత్త ఉందిగా" అంటారు. అలా చదివితే అదీ మంత్రమే, పేరు మారిందంతే.

శ్రావస్తిలో ఒక భిక్షువు పాముకాటుతో చనిపోయినప్పుడు, సర్పకులాల పట్ల మైత్రి నింపుకోమని బుద్ధుడు చెప్పాడు. అంగుత్తర నికాయంలో ఉంది. ఇంతవరకే చెప్పి ఆపేస్తున్నాం. పాము కరిచిన భిక్షువుకు ఆనాటి మందు వాడటానికి ఆయనే అనుమతించాడని వినయపిటకం మహావగ్గలో ఉంది. ఆనాటి మందులు ఈనాడు పనికిరావు. ఈనాటి మందు విషం విరుగుడు ఇంజెక్షను.

మైత్రి అంటే ఏమిటో పిల్లలకు వాళ్ళ మాటల్లో చెప్పండి. పాము పగబట్టదు, పాలు తాగదు, తొక్కితే కరుస్తుంది. కనబడితే రాయి తీయకు, వెనక్కి జరుగు, పెద్దవాళ్ళను పిలువు. చీకట్లో టార్చి లేకుండా, చేలోకి చెప్పులు లేకుండా పంపకండి. పెద్దల వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచిన తాతల మనవలు వీళ్ళు.

కట్లపాము సంగతి వేరు. రాత్రి నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి ఉండకపోవచ్చు, గాటు కనబడకపోవచ్చు. తెల్లారేసరికి పిల్ల కడుపునొప్పి అంటుంది, రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది. దిష్టి అనుకుని ఉప్పు తిప్పుతూ కూర్చుంటే ఊపిరి ఆగిపోతుంది. మంచం లేకపోతే దోమతెర కట్టి, అంచులు చాపకింద దోపండి.

పిల్లలు దాస్తారు, అదే అసలు చిక్కు. వద్దన్న చోటికి వెళ్ళాడు గనుక తిడతారని కాటు సంగతి చెప్పడు. నాలుగో శీలం రోజూ చెప్పిస్తాం. నిజం చెప్పిన రోజున వీపు విమానం మోగిస్తే ఇంకెప్పుడు చెప్తాడు?

ఆదివారం వందన అయ్యాక విహారంలో ఆటలాగా చేయించండి. ఒకడు కదలకుండా పడుకుంటాడు. ఒకరు పట్టీలు, ఉంగరాలు తీస్తారు. ఒకరు కర్ర ఆనించి కాలికి గుడ్డ వదులుగా చుడతారు. తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వద్దు. ఒకరు 108కి ఫోన్ చేసి ఊరు, వాడ గుర్తులు చెప్తారు. పామును చంపి తీసుకుపోనక్కర్లేదు. దారిలో తల్లి పరిత్త చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి, బండి మాత్రం ఆపొద్దు. ఆ ఇంజెక్షను దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఉందో మీ ఏఎన్ఎమ్ అమ్మను ఈ వారమే అడిగి, విహారం గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి.