సీటు కోసం చేసే సేవ సేవేనా?

అమెరికాలో మెడిసిన్ చదవాలనుకునే పిల్లలున్న తెలుగు ఇళ్లలో మే నెల వచ్చేసరికి ఒక లెక్క మొదలవుతుంది. ఆస్పత్రిలో ఎన్ని గంటలు? ఫుడ్ బ్యాంకులో ఎన్ని? వృద్ధుల కేంద్రంలో ఎన్ని? అక్కడి మెడికల్ స్కూళ్లలో చాలావాటికి ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. అందులో విద్యార్థి తన అనుభవాలు 15 దాకా రాయవచ్చు. ఒక్కోదానికి 700 అక్షరాల చోటు. మనసుకు బాగా హత్తుకున్న మూడింటి గురించి రాసుకోవడానికి మరో 1,325 అక్షరాలు ఇస్తారు. చేసిన గంటలు రాయాలి. ఇకపై చేయబోయే గంటలకూ ఒక గడి ఉంటుంది.

మన దేశంలో ఈ లెక్క లేదు. నీట్‌లో 720కి ఎన్ని వచ్చాయన్నదే చూస్తారు. రోగి పక్కన ఎప్పుడైనా కూర్చున్నావా అని ఎవరూ అడగరు. అందుకే ఇక్కడి నుంచి వెళ్లిన తాతయ్యకో అమ్మమ్మకో మనవడి గంటల పట్టిక చూస్తే మనసు కలుక్కుమంటుంది. సీటు కోసం చేసేది సేవ ఎలా అవుతుందిరా అంటారు. ఆ ప్రశ్నను పాతకాలం చాదస్తమని కొట్టిపారేయకూడదు. మతాల్లోనూ తత్వశాస్త్రంలోనూ వేల ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న అది.

మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో యేసు దానాన్ని రహస్యంగా చేయమంటాడు. మనుషుల మెప్పు కోసం చేసినవాడికి ఆ మెప్పే ప్రతిఫలం, దేవుడి దగ్గర ఇంకేమీ మిగలదంటాడు. దరఖాస్తు అడిగేది దీనికి సరిగ్గా ఎదురు. చేసింది చెప్పాలి, ఎవరిని అడిగి నిర్ధారించుకోవచ్చో కూడా రాయాలి. భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుడైతే మరీ ఎత్తున ఉంటాడు. 48 రోజుల పస్తుల తర్వాత దొరికిన అన్నం వచ్చినవాళ్లకు పెట్టి, చివరికి మిగిలిన నీళ్లు కూడా దప్పికగొన్నవాడికి ఇచ్చేస్తాడు. మోక్షం కూడా వద్దు, అందరి బాధా తనకే రావాలని కోరుకుంటాడు.

ఆ కొలబద్దతో ఇరవై ఏళ్ల పిల్లల్ని కొలిస్తే ఒక్కరూ నిలవరు. కొలిచే పెద్దలూ నిలవరు.

ఇంతకంటే పనికొచ్చే కొలత గీతలోనే ఉంది. పదిహేడో అధ్యాయం, శ్రద్ధాత్రయ విభాగ యోగంలో 20 నుంచి 22 దాకా శ్లోకాలు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాయి. తిరిగి ఏమీ చేయలేనివాడికి, తగిన చోట, తగిన వేళ, ఇవ్వాలి గనుక ఇచ్చేది సాత్త్వికం. ప్రత్యుపకారం ఆశించో, ఫలం మీద కన్నేసో, మనసు చివుక్కుమంటూనో ఇచ్చేది రాజసం. దేశం, కాలం, పాత్రత చూడకుండా, అవతలివాణ్ని చులకన చేస్తూ ఇచ్చేది తామసం. సీటు కోసం చేసే సేవ ఈ లెక్కన రాజసం. అది అట్టడుగు మెట్టు కాదు. దాని కింద ఇంకొకటి ఉంది, భయపడాల్సింది దానికి.

ఆ కింది మెట్టు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం కాదు. వైద్యం నేర్వని విద్యార్థి పేద దేశానికో పల్లెకో వెళ్లి, తన ఊళ్లో తాకనివ్వని గాయానికి కుట్లు వేయబోతాడు. అక్కడి రోగి కాదనలేడన్న ధీమాతో చేసే పని అది. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఇందుకే 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ లేని పనికి విదేశంలోనైనా పూనుకోవద్దని, అలాంటి అనుభవం దరఖాస్తుకు మేలు చేయకపోగా చేటు చేయవచ్చని హెచ్చరించింది. వేసవి సెలవుల్లో తాతగారి ఊరొచ్చి మెడికల్ క్యాంపులో నిలబడే పిల్లలకూ ఇది వర్తిస్తుంది. పేర్లు రాయడం, ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం వాళ్లు చేయదగిన పని. సూది పట్టడం కాదు.

మరి రాజస సేవ వల్ల అవతలివాళ్లకు ఒరిగేదేమిటి? హాస్పిస్‌లో చూస్తే తెలుస్తుంది. నయం కాదని తేలినవాళ్లకు చివరి నెలల్లో బాధ తగ్గించే సంరక్షణ అది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ నిబంధన ప్రకారం, జీతం తీసుకునే సిబ్బంది రోగుల సంరక్షణకు వెచ్చించే మొత్తం గంటల్లో కనీసం 5 శాతానికి సమానమైన పని వలంటీర్లు చేయాలి. అంటే అక్కడ వలంటీరు ఉండి తీరాలి.

ఆ పని చూడ్డానికి చాలా చిన్నది. విద్యార్థి వచ్చి చేతులు కడుక్కుంటాడు. పడుకున్న పెద్దాయన మెడ తిప్పే అవసరం లేకుండా మొహం కనిపించేలా కుర్చీ జరుపుకుంటాడు. మందులు ఇవ్వకూడదు. పేపరు చదవమంటే చదువుతాడు, జారిన దుప్పటి సర్దుతాడు, మాట్లాడొద్దంటే ఊరుకుంటాడు. పక్కగదిలో, రాత్రంతా మేలుకున్న కూతురు రెండు గంటలు కళ్లు మూసుకుంటుంది. కుర్రాడు ఏ ఉద్దేశంతో వచ్చినా ఆవిడ నిద్ర నిద్రే.

జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక దుకాణదారు వస్తాడు. చిన్నపిల్ల వచ్చి అడిగినా అదే ధర చెబుతాడు, ఎందుకంటే వ్యాపారానికి అదే మంచిది. ఆ నిజాయితీకి నైతికమైన విలువ లేదంటాడు కాంట్. కానీ ఆ పిల్ల మోసపోలేదు. చేసినవాడి పుణ్యం లెక్క వేరు, అందుకున్నవాళ్ల మేలు లెక్క వేరు. తాతయ్య అడిగింది మొదటి లెక్క. హాస్పిస్ గదికి కావాల్సింది రెండోది.

అలాగని మొదటి లెక్క వదిలేయడానికి వీల్లేదు. ఫలం మీది చూపు మనసును మార్చేస్తుంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తర్వాత చూస్తే వాళ్లే మిగతా పిల్లల కన్నా తక్కువసేపు గీస్తున్నారు. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. ఎయిడ్స్ రోగులకు సాయపడిన వలంటీర్ల మీద ఒమోటో, స్నైడర్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో, నేర్చుకోవాలనో, తమను తాము మెరుగుపరచుకోవాలనో వచ్చినవాళ్లు ఎక్కువ కాలం నిలిచారు. తనకేదో కావాలని రావడం తప్పు కాదన్నమాట. ఆ కావాల్సింది ఒక కాగితమైతే అది దొరికిన రోజే పని ఆగిపోతుంది. మనుషుల్ని తెలుసుకోవడమైతే ఆగదు.

తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్లేవాళ్లనే చూడండి. చాలామంది మొక్కుతోనో, కోరికతోనో, దర్శనం ఆశతోనో వెళతారు. క్యూలో బిడ్డనెత్తుకున్న తల్లికి వాళ్లు అందించిన గ్లాసుడు నీళ్లను ఎవరూ తప్పుపట్టరు. వాళ్లలో కొందరు కోరిక తీరాక కూడా మళ్లీ మళ్లీ వెళుతుంటారు. రాజసం నుంచి సాత్త్వికానికి దారి అలాగే పడుతుంది. సేవ చేయగా చేయగా మనసు కుదురుతుంది. మనసు శుభ్రపడ్డాకే సేవకు వెళ్లాలంటే ఎవరూ గుమ్మం దాటరు.

అందుకని తాతయ్య ప్రశ్నకు జవాబు ఇది: సీటు కోసం మొదలుపెట్టినదీ సేవే, రోగికి హాని చేయనంత వరకు, ఆయన్ని దరఖాస్తులో ఒక గడిగా చూడనంత వరకు. తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లవాడు ఇంటికొచ్చాక ఎన్ని గంటలయ్యాయని కాకుండా, ఈ రోజు పెద్దాయన ఏం మాట్లాడారని అడగండి. విద్యార్థులకు ఇంకొకటి. దరఖాస్తు పంపిన వారమే మానేయకండి. మానక తప్పకపోతే నాలుగు వారాల ముందే వలంటీర్ కోఆర్డినేటర్‌కు చెప్పండి, ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చేదాకా వెళుతూ ఉండండి. ఆఖరి రోజు పెద్దాయనకు మీరే చెప్పి రండి.