పాత త్రోవ ప్రక్కన రెండు రాత్రులు

ధ్యాన భాగము: యెషయా 58:12



ఈ వచనములో ప్రవక్త చెప్పిన బిరుదు పట్టణములను జయించినవానిది కాదు. పాడైన త్రోవలను మరల జనులు కాపురముండునట్లు బాగుచేసినవానిది. త్రోవకును కాపురమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమందు సెలిగ్‌మన్ అను చిన్న ఊరున్నది. దాని కథ వినుడి.

1926లో చికాగో నుండి కాలిఫోర్నియా వరకు 66వ నంబరు రహదారి ఏర్పడెను. అది దాదాపు 2,400 మైళ్ల దారి. 1930ల కరవులో, దుమ్ము తుపానులకు పొలములు పోగొట్టుకొన్న రైతులు పిల్లలను, వంటపాత్రలను పాత కార్లలో వేసికొని ఈ దారినే వలసపోయిరి. దారిన పోవువారికి పెట్రోలు, భోజనము, పడక అమ్ముకొని సెలిగ్‌మన్ బ్రదుకుచుండెను. 1978 సెప్టెంబరు 22న ఊరి వెలుపలగా 40వ నంబరు వేగరహదారి తెరవబడెను. ఒక్క దినములో వీధి బోసిపోయెను. శత్రువుల దండు రాలేదు, కొత్తగా కరవు రాలేదు. దారి మాత్రము ప్రక్కకు జరిగెను. బైపాసు పడిన మన ఊళ్లలో కాఫీ హోటలు నడుపుకొన్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

1985లో 66వ నంబరునే జాతీయ రహదారుల పట్టికనుండి తీసివేసిరి. కాని ఆ ఊరిలో క్షౌరశాల నడుపు ఏంజెల్ డెల్గడిల్లో ఊరు విడువలేదు. ఆయన 1987లో ఇరుగుపొరుగువారిని కూర్చి సంఘముగా ఏర్పరచి, రాష్ట్రప్రభుత్వమును పట్టువిడువక అడిగెను. సెలిగ్‌మన్ నుండి కింగ్‌మన్ వరకు గల పాత దారి ఆ సంవత్సరమే చారిత్రక రహదారిగా గుర్తింపబడెను. తరువాత ఇతర రాష్ట్రములవారును ఆ మాదిరిని అనుసరించిరి. మూసిన తలుపులు కొన్ని తెరువబడెను.

నేడు ఆ దారిని ఆర్.వి. అను ఇంటి బండ్లు వచ్చుచున్నవి. మంచము, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అన్నియు బండిలోనే యుండును. రాత్రికి క్యాంపు స్థలములో అద్దె చెల్లించి కరెంటును నీటిని తగిలించుకొందురు. ఎంత సుఖము! అయితే నాకు తోచు భయమొకటి కలదు. ఇల్లంతయు వెంట తెచ్చుకొన్నవానికి ఊరితో పనియేమి? రొట్టె బండిలోనే, నీళ్లు బండిలోనే. ఫొటో తీసికొని, ఒక్క డాలరైనను విడువక, ఎవరి ముఖమును చూడక సాగిపోవచ్చును. అట్టివారు వంద మంది వచ్చినను ఆ వీధికి 1978 నాటి ఆ దినము వంటిదే.

అమెరికాలో చదువులకు, ఉద్యోగములకు ఉన్న మన పిల్లలలో కొందరు సెలవులలో ఇట్టి బండి అద్దెకు తీసికొందురు. ఫోనులో మాటలాడునప్పుడు వారికిది చెప్పుడి. రెండు రాత్రులు ఆగుమనుడి. ఒక పూటయైనను బండిలో పొయ్యి వెలిగింపక ఊరిలో తినుమనుడి. ఏంజెల్ అన్న హువాన్ 1953లో రైల్వేవారి పాత కలపతో కట్టిన స్నో క్యాప్ అను ఫలహారశాల అక్కడిదే. దాని తలుపుకు రెండు వైపుల పిడులుండును. తప్పు పిడి లాగి జనులు నవ్వుకొందురు. ఊరు ఎండిపోయిన దినములలోను ఆ నవ్వు ఎండలేదు. పెట్రోలును అక్కడనే పోయించుకొని, పడమరగా పాత దారినే కింగ్‌మన్‌కు పోవలెను. వేగరహదారికంటె కొంత దూరమెక్కువే, పోనిండు.

ఆదివారము అక్కడ నుండవలసి వచ్చినచో, పాటలు తెలియకున్నను, ఆ ఊరి ఆరాధనలో వెనుక బల్లమీద కూర్చుండుమనుడి.