ఎర

తెలుగులో ఎర అంటే గాలానికి గుచ్చేది. వానపాముకూ ఆ పేరే ఉంది. కన్నడంలో వానపామును ఎరెహుళు అంటారు, గాలాన్ని గాళ అంటారు. పక్కపక్కన బతికే రెండు భాషలు పంచుకున్న ఈ మాటల గురించి మొన్న ఒక ఆదివారం జిగణి దగ్గరి చెరువు గట్టుమీద చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆనేకల్లు వైపు మనిషి ఒకతను కొర్రమీనుకు గాలం వేస్తున్నాడు. పక్కన నీళ్ల డబ్బాలో వేలెడంత పిల్లచేపలు. ఒకదాన్ని తడిచేత్తో పట్టుకుని, వీపుమీది రెక్క దగ్గర కొక్కెం గుచ్చాడు.

“వెన్నుముల్లుకు తగలకూడదు సార్. తగిలితే సచ్చిపోతాది. సచ్చినదాన్ని కొర్రమీను ముట్టదు” అన్నాడు.

తడిచెయ్యి ఎందుకప్పా అని అడిగాను. పొడిచెయ్యి తగిలితే ఒంటిమీది జిగురు పోయి చేప తొందరగా నీరసిస్తుందట.

కొర్రమీను కదిలేదాన్ని చూసి వేటాడుతుంది. కనుక ఎర బతికి ఉండాలి, గాయంతో బతికి ఉండాలి. సముద్రపు ఒడ్డునుంచి సొరచేపకు గాలం వేసేవాళ్లూ బతికిన చేపను ఇలాగే గుచ్చుతారు. కొక్కెం పెద్దది, సొర పళ్లకు తెగకుండా దారానికి బదులు చివర ఉక్కుతీగ కడతారు. పద్ధతి ఒకటే. క్రూరత్వం అంటే మోటుతనమని అనుకునేవాణ్ణి. ఇక్కడ నేర్పు, ఓపిక, జాగ్రత్త అన్నీ ఉన్నాయి. ఆ జాగ్రత్తంతా బాధ త్వరగా ముగియకుండా చూడడానికే.

చేపకు నొప్పి తెలియదని చిన్నప్పుడు విన్నాను. 2003లో స్కాట్లండు పరిశోధకులు ట్రౌట్ చేపల తలలో నొప్పిని గ్రహించే నరాలున్నాయని చూపారు. పెదవుల్లోకి ఆమ్లం ఎక్కిస్తే అవి మూతిని గులకరాళ్లకు రుద్దుకున్నాయి, కొన్ని గంటలు మేత ముట్టలేదు. అది మనం పడేలాంటి బాధేనా అన్న వాదం ఇంకా తెగలేదు. వసూలు కాదేమోనన్న బాకీకి ముందుగానే కొంత సొమ్ము పక్కన పెట్టాలని మా లెక్కల శాస్త్రం చెబుతుంది. చేప విషయంలో మాత్రం అనుమానాన్ని మన లాభానికే జమ కట్టుకుంటున్నాం.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టం మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే అంటుంది. అనవసరమైన బాధ లేకుండా ఆహారానికి చంపడాన్ని తప్పుపట్టదు. కేవలం వినోదానికి ఒక జంతువును మరొకదానికి ఎరగా కట్టడం నేరమంటుంది. ఆ మాట గాలానికి చెల్లుతుందో లేదో వకీళ్లు తేల్చాలి. పులికి కట్టిన మేక అరుస్తుంది, మనకు వినిపిస్తుంది. పిల్లచేప అరవదు.

“మీరూ ఒకటి వేయండి సార్” అని అతను గాలం అందించాడు. వేశాను. అరచేతిలో పిల్లచేప కొట్టుకుంటుంటే అతను చెప్పినట్టే ముల్లుకు తగలకుండా గుచ్చాను. బాగా కుదిరిందని సంతోషించాను కూడా.

అతనికి అది పూటకూడు. నాకు ఆదివారం సరదా. గుచ్చుకున్న చేపకు ఈ తేడా తెలియదు. తెలియవలసింది నాకు. అతన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ సాయంత్రం అతని దగ్గర కొన్న కొర్రమీను పులుసే మా ఇంట్లో తిన్నాం.

చేపలు తినడం మానలేదు. గాలం మళ్లీ పట్టలేదు. ఇంతటితో ఖాతా సరిపోయిందని మాత్రం అనలేను.