కోరి తెచ్చుకున్న కష్టం

ఉద్యోగ విరమణ తర్వాత మేము తిరుపతికి కాపురం వచ్చి మూడేళ్ళు కావస్తోంది. నేను పుట్టి పెరిగింది కృష్ణా డెల్టాలో. మా ఊళ్ళో ఎత్తంటే కాలవగట్టే. దాని మీదికెక్కితే నాలుగు ఊళ్ళ వరిచేలు కనపడేవి. అలాంటివాడికి పొద్దున్నే కిటికీ తెరిస్తే శేషాచలం కొండ గోడలా ఎదురుగా నిలబడి ఉండడం మొదట్లో కొంచెం బెదురుగానే ఉండేది. తర్వాత అలవాటయింది. ఆ తర్వాత పిచ్చిగా మారింది.

ఆ పిచ్చి అంటించినవాడు మా పక్కింటాయన. బ్యాంకులో చేసి రిటైరయిన మనిషి. ఆయన దగ్గర పాత లెడ్జరు పుస్తకం ఒకటుంది. చుట్టుపక్కల నడక దారులన్నీ అందులో ఎక్కించి, ఒక్కొక్కదాని ఎదుట సులువు, మధ్యస్థం, కష్టం అని ఎర్ర సిరాతో రాసిపెట్టాడు. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం దాటేవరకు ఆయాసం, తర్వాత కొంత తెరిపి. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి పోయే శ్రీవారి మెట్టు రెండు కిలోమీటర్ల పైచిలుకే, మెట్లు 2,388. దూరం తక్కువ, నిట్టనిలుపు ఎక్కువ. తలకోన జలపాతం అడుగుదాకా సులువు, దాని పై అడవిలోకి కష్టం. నాగలాపురం కొండల్లో నీటి మడుగుల వెంబడి పోయే దారికి ‘కష్టం’ కింద రెండు గీతలు. మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ నాలుగు వేల అడుగుల పైనే ఉన్నా కారు పైదాకా పోతుంది గనుక ఆయన పుస్తకంలో దానికి చోటే లేదు!

మెట్ల దారులు భక్తుల దారులు. మొక్కు తీర్చుకునేవారి మధ్య నేను ఒళ్ళు తగ్గించుకోవడానికి ఎక్కడం సబబనిపించలేదు. అందుకని నా నడకంతా చంద్రగిరి చుట్టూ ఉన్న గుట్టల మీద, అనుమతి ఉన్నంత మేరకు తలకోన అడవిలో సాగింది. ఈ సీమ ఎడారి కాదు. ఈశాన్య రుతుపవనాలు కరుణిస్తే నవంబరులో ప్రతి వంకా పారుతుంది. కానీ మార్చి దాటిందంటే ఎడారికి తోబుట్టువే. ఆకు రాల్చిన చెట్లు, ముళ్ళ కంప, తొమ్మిది గంటలకే కాలే బండలు. ఒక్క సీసా నీళ్ళతో బయలుదేరినవాడు రెండోసారి ఆ తప్పు చేయడు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఏడాది తిరిగేసరికి నాలో గర్వం పట్టింది. సులువు దారిన పోయి వచ్చినవాళ్ళను చూస్తే చిన్నచూపు. గుడి దగ్గర, బడి దగ్గర ఎవరు పలకరించినా, ఈ వారం ఏ కొండ ఎక్కిందీ ఎంతసేపట్లో దిగిందీ చెప్పుకునేవాణ్ణి. ఎవరూ అడక్కపోయినా చెప్పుకునేవాణ్ణి.

ఒకరోజు చంద్రగిరి పక్క గుట్ట మీద, పుస్తకంలో ‘కష్టం’ అని ఉన్న దారిలోనే, ఎదురుగా ఒక పెద్దావిడ దిగి వస్తోంది. నెత్తిన ఎండుకట్టెల మోపు. కాళ్ళకు అరిగిపోయిన హవాయి చెప్పులు. నా బూట్లను, చేతికర్రను, వీపు సంచిని ఎగాదిగా చూసి ఆగింది.

“ఏం సా, ఏమన్నా పారేసుకున్నారా?”

లేదమ్మా, ఊరికే ఎక్కుతున్నానన్నాను.

“ఊరికేనా?” అంది. కాసేపు నా ముఖంలోకి చూసి, నవ్వి, మోపు సర్దుకుని దిగిపోయింది. ఎగతాళేమీ లేదు ఆ నవ్వులో. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు. ఆ రోజు పైదాకా పోయాను గాని, పైన కూర్చున్నంతసేపూ ఆ ‘ఊరికేనా’ నన్ను వదల్లేదు.

ప్రియ పాఠకులారా, కష్టాన్ని కోరి ఎత్తుకోవడంలో గొప్పతనం ఉందా? ఉందనే మనం చిన్నప్పటి నుంచి విన్నాం. ఉపవాసం ఉన్నవాణ్ణి, కాలినడకన యాత్ర చేసినవాణ్ణి గౌరవిస్తాం. ఈజిప్టు ఎడారికి వెళ్ళి బతికిన పునీత అంతోనివారిని పదిహేడు శతాబ్దాలుగా స్మరించుకుంటున్నాం. దీన్ని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఒళ్ళు వంచని మనసు ఎంత మెత్తబడిపోతుందో ముప్పయ్యేళ్ళు ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని పనిచేసినవాడిగా నాకు తెలుసు. కానీ ఆ పెద్దావిడ దారి, నా దారి ఒకటే. ఎండా ఒకటే. మోపు ఆమెదే బరువు. మరి మా ఇద్దరిలో నేనొక్కణ్ణే ఏదో సాధించినవాడిలా ఇంటికి ఎందుకు వస్తున్నాను?

కొండ ఎక్కడం గురించి ఐరోపాలో అందరూ తలుచుకునే లేఖ ఒకటుంది. ఇటలీ కవి పెట్రార్క్ 1336 ఏప్రిల్ 26న దక్షిణ ఫ్రాన్సులోని వెంతూ పర్వతాన్ని ఎక్కానని అందులో రాసుకున్నాడు. వెంట తమ్ముడు గెరార్డో. తమ్ముడు తిన్నగా శిఖరం మీదికి పోయే నిలువు దారి పట్టాడు. కవిగారేమో సులువైన దారి వెతుక్కుంటూ పల్లంలోకి దిగి, చుట్టి చుట్టి అలిసిపోయి, చివరికి ఎక్కక తప్పలేదు. తన ఆత్మ కూడా ఇలాగే సుఖమైన దారి వెతుకుతోందని తనను తాను నిందించుకున్నాడు. శిఖరం మీద వెంట తెచ్చుకున్న పునీత అగుస్తీనువారి ‘కన్ఫెషన్స్’ తెరిస్తే, మనుషులు పర్వతాలను చూసి అబ్బురపడుతూ తమను తాము మరిచిపోతారన్న మందలింపు కంటబడిందట. సిగ్గుపడి, మాట్లాడకుండా దిగాడు.

ఈ లేఖ మీద పండితులు చాలా రాశారు. నాకు ఆగిపోవాలనిపించిన చోటు వేరు. అన్నదమ్ములిద్దరూ చెరొక సేవకుణ్ణి వెంటబెట్టుకుని ఎక్కారు. ఆ సేవకులు ఏ దారిన ఎక్కారో, ఏమి మోశారో, ఎంత అలిసిపోయారో లేఖలో లేదు. రాత్రి బసకు చేరాక వాళ్ళు వంట చేస్తుంటే కవిగారు ఒక మూల చేరి ఈ లేఖ రాశాడు. అన్ని మెట్లూ ఎక్కినవాళ్ళు నలుగురు. ఆత్మపరిశీలనకు తీరిక దొరికింది మాత్రం ఒకరికే. వాళ్ళను ‘మీకు ఎక్కాలని ఉందా’ అని ఎవరైనా అడిగారా?

మన కొండకూ ఈ కథ కొత్తది కాదు. 1944లో తిరుమలకు ఘాట్ రోడ్డు పడకముందు నడవలేనివాళ్ళు, నడవాల్సిన అవసరం లేనివాళ్ళు డోలీల్లో వెళ్ళేవారు. డోలీలో కూర్చున్నవాడికి అది యాత్ర. బొంగు భుజాన వేసుకున్నవాడికి అది ఆ పూట కూలి.

ఇంకా దగ్గరి సంగతి చెప్పకుండా దాటిపోతే ఈ మాటలన్నీ ఉత్తుత్తివి. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున, ఇదే చంద్రగిరి మండలంలో, శేషాచలం అడవి అంచున, పోలీసు కాల్పుల్లో ఇరవైమంది చనిపోయారు. అందరూ తమిళనాడు మనుషులు, చాలామంది కొండ ప్రాంతాల పేదలు. ఎర్రచందనం నరికి మోయడానికి కూలికి వచ్చినవారని, రాళ్ళతో గొడ్డళ్ళతో దాడి చేస్తే కాల్చామని పోలీసులు అన్నారు. పట్టుకుని కాల్చారని హక్కుల సంఘాలు అన్నాయి. అంతకు ముందు 2013 డిసెంబరులో ఇదే అడవిలో ఇద్దరు అటవీ అధికారులను ఎర్రచందనం దొంగలు కొట్టి చంపారు. ఆ ఇద్దరివీ ప్రాణాలే. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా తనంతట తాను అడవిగా పెరగని చెట్టు అది. నరకడం నేరమే. నేరం కాదనడం లేదు.

నేను చెప్పేది ఆ నడక గురించి. చీకట్లో, దీపం లేకుండా, దుంగ భుజాన వేసుకుని, దొరికితే జైలు, జారితే లోయ అన్నట్టు రాత్రంతా నడిచిన ఆ మనుషులు తొక్కింది మా పక్కింటాయన పుస్తకంలోని కొండలనే. దుంగకు అసలు వెల పలికే చోట వాళ్ళు ఉండరు. ఆ దారికి ఏ సిరాతో ఏమని రాస్తాం? చెప్పులేసుకుని కట్టెలు మోసే ఆవిడ దారికి? కష్టమనే మాటను మనం ఇష్టమైన ఆటకు వాడుకుని అరగదీశాం కాబోలు, అసలు కష్టం ఎదురైతే చెప్పడానికి మాట మిగల్లేదు.

అలాగని నడక మానేయమని నేననను. నేను మానితే ఆవిడ మోపు బరువు తగ్గదు. కోరి తెచ్చుకున్న కష్టానికి విలువ ఉండొచ్చు. అది మన కోసం ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో చూసుకున్నాక తేలే విలువ. వాళ్ళలో ఒకరు నా ఇంట్లోనే ఉన్నారని నాకు తలకోనలో తెలిసింది.

మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. అయినా తలకోన చూద్దామని కిందటేడు డిసెంబరులో వెళ్ళాం. 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడుతున్నాయి. దాని అడుగుదాకా ఆమె నెమ్మదిగా, రాయి రాయికీ ఆగుతూ వచ్చింది. నేనేమో అక్కడితో ఆగలేదు. పైకి పోయే గుంపు ఒకటి కనపడింది, దారి చూపే మనిషి ఉన్నాడు. “పది నిమిషాల్లో వస్తాను, ఇక్కడే కూర్చో” అన్నాను. తిరిగి వచ్చేసరికి గంటన్నర దాటింది. అక్కడ ఫోను పలకదు. జనం పలచబడ్డారు. కోతులు ఆమె చేతిలోని అరటిపళ్ళ సంచి లాక్కుపోయాయి. ఆమె ఒక బండ మీద, చీరకొంగు గట్టిగా పట్టుకుని కూర్చుని ఉంది.

నేను ఉత్సాహంగా, పైనుంచి ఎంత బాగుందో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె కోప్పడలేదు. “మీరు పడిపోయారేమో అనుకున్నానండీ” అంది. కాసేపాగి, “ఎవర్ని పిలవాలో తెలియలేదు” అంది.

దిగేటప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆ రోజు నేను ఎక్కిన కొండ కష్టం నాది కాదు. నేను ఎక్కాను, కష్టం ఆమె పడింది. పెట్రార్క్ సేవకుల సంగతి చదివినప్పుడు ఎంతో న్యాయం మాట్లాడినవాణ్ణి, గంటన్నరసేపు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు వారానికి రెండు రోజులు ఇద్దరం కలిసి నడుస్తున్నాం. కొండ కాదు, కొండ కింది మట్టి బాట. ఆమె అడుగుకు నా అడుగు కలపడం నాకు ఇంకా రావడం లేదు. తెలియకుండానే నాలుగడుగులు ముందుంటాను, గుర్తొచ్చి ఆగుతాను, ఆమె వచ్చి కలుస్తుంది, మళ్ళీ ముందుంటాను. కిలోమీటరు పోయి రావడానికి గంట పడుతోంది. నిలువు గుట్ట ఎక్కడం ఇంతకన్నా తేలిక.

మొన్న మా పక్కింటాయన ఆ బాటను కూడా పుస్తకంలో ఎక్కిస్తానన్నాడు. పొడవెంతో, నీడ ఎక్కడుందో, నీళ్ళు దొరికేదెక్కడో చెప్పాను. ఎర్ర సిరా కలం మూత తీసి, “సులువనే రాసేదా సార్?” అని అడిగాడు. ఇంకోసారి నడిచొచ్చి చెబుతానన్నాను.