చెట్టును మలిచే చేతికి లెక్క లేదా?

పలాస, టెక్కలి ప్రాంతాల నుండి, ఉద్దానం పల్లెల నుండి చదువుకున్న యువకులు ఉపాధి వెతుక్కుంటూ విశాఖపట్నం, హైదరాబాద్, బెంగుళూరు వెళుతున్న సంగతి పాఠకులకు తెలిసినదే. అలా వెళ్ళేవారి ముందు ఈనాడున్న వృత్తుల్లో వీడియో గేముల ఎన్విరాన్‌మెంట్ ఆర్టిస్టు పని ఒకటి. ఈ సంపాదన హలాలా, హరామా అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. ప్రశ్న సబబైనదే. తొందరపడి జవాబు చెప్పడం మాత్రం సబబు కాదు.

ముందుగా ఆ పని ఏమిటో తెలుసుకుందాం. ఆటలోని వీధి, గోడ, బావి, కొండ, చెట్టు, నేలపై పడే ఎండ - వీటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు కంప్యూటరుపై మలచవలసిందే. ఖర్చు లేకుండా దొరికే బ్లెండర్‌తో ఇంట్లోనే ఈ పని నేర్చుకోవచ్చు. ఉద్యోగమిచ్చేవారు సర్టిఫికెట్టు కన్నా చేసి చూపిన పనికే ఎక్కువ విలువ ఇస్తారు.

ఇక ధర్మం మాట. బొమ్మలు చేసి పొట్ట పోసుకునే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ప్రాణుల రూపాలు చేసేవారి విషయంలో దైవప్రవక్త (సఅసం) చేసిన హెచ్చరిక విని అతను పాలిపోయాడు. ఆ పని మానలేకపోతే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చేసుకోమని ఆయన అతనికి దారి చూపారు. కంప్యూటరు తెరపై కనిపించే రూపానికి ఆ హెచ్చరిక వర్తిస్తుందా, లేదా అన్న విషయంలో నేటి పండితులు ఏకాభిప్రాయంతో లేరు. అయితే చెట్టు, కొండ, ఇల్లు మలిచేవాని విషయంలో ఆ చర్చతో పనే లేదు. పని స్వతహాగా ధర్మసమ్మతమే.

కానీ మాట ఇంతటితో అయిపోదు. ఆ చెట్టు ఎక్కడ నాటబడుతుంది? మంచిలోనూ, దైవభీతిలోనూ పరస్పరం సహకరించుకోవాలనీ, పాపంలో సహకరించుకోరాదనీ దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా ఆదేశిస్తోంది. హనఫీ ఫిఖహ్ గ్రంథం హిదాయాలో ఈ విషయమై ఒక సూక్ష్మ భేదం కనిపిస్తుంది. కల్లోల కాలంలో అల్లరిమూకలకు ఆయుధాలు అమ్మడం అవాంఛనీయం. ద్రాక్షరసం అమ్మకం అలాంటిది కాదు, ఎందుకంటే అది మారిన తరువాతే పాపం మొదలవుతుంది. దీనిని బట్టి మా అవగాహన ఇది: ఎక్కడైనా ఇమిడే చెట్టు ద్రాక్షరసం వంటిది. జూదశాలనే కట్టమన్నా, అశ్లీలానికే గది అమర్చమన్నా అది ఆయుధం వంటిది.

మన దేశంలోని అనేక స్టూడియోలు విదేశీ కంపెనీలకు కాంట్రాక్టుపై పని చేస్తాయి. తాను మలిచిన గోడ ఏ ఆటలోకి పోతుందో చేసినవానికి ఒక్కోసారి తెలియదు. తెలియనిదానికి అల్లాహ్ పట్టుకోడు, నిజమే. కానీ అడిగే వీలుండీ అడగకపోవడం తెలియకపోవడం కాదు. జీతం పోతుందేమోనని నోరు మూసుకోవడం అంతకంటే కాదు.

మరో బాధ్యత కూడా ఉంది. ఒక ప్రదేశాన్ని చూపడమంటే దాని గురించి సాక్ష్యం ఇవ్వడమే. 2009లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలో కరాచీ వీధుల బోర్డులు ఉర్దూలో కాక అరబీలో ఉన్నాయి. ముస్లింల ఊరంటే అన్నీ ఒకటేనన్న నిర్లక్ష్యం అది. అదే పేరు గల 2021 నాటి ఆటలో ఖుర్ఆన్ పుటలు నేలపై పడి ఉన్నట్టు కనిపించడంతో కంపెనీ క్షమాపణ చెప్పి వాటిని తొలగించింది. ఆ పుటలు ఏమిటో తెలిసినవాడు ఆ బల్ల ముందు ఒక్కడున్నా ఆ పొరపాటు బయటికి వచ్చేది కాదేమో! మనవాళ్ళు ఈ రంగానికి పూర్తిగా దూరంగా ఉండాలనేవారు దీనిని కూడా ఆలోచించాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఆట ఆడేవానికి కూలిన చెట్టు ఒక అలంకారం. ఉద్దానం బిడ్డకు అది ఒక ఇంటి ఏళ్ళ తరబడి ఆదాయం. ఆ తేడా తెలిసినవాడు అబద్ధపు సాక్ష్యం ఇవ్వడానికి వెనుకాడుతాడు.

కాబట్టి తల్లిదండ్రులారా! పిల్లవాణ్ణి వద్దని ఆపకండి, విచారించకుండా పంపకండి. ఏమి చేయమన్నారు? ఎందుకోసం? నమాజుకు వేళ చిక్కుతుందా? కాదనవలసి వస్తే కాదనగలవా? ఈ నాలుగూ అడగండి. నెల నెలా ఇంటికి డబ్బు వస్తున్నప్పుడు కూడా అడగడం మానకండి. అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధిని, దానిని గుర్తించే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.