బూడిద కింద ఎవరి పాపం?

సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం ఇంతవరకు నాలుగుసార్లు భారీగా పేలింది. మొదటిది సుమారు 12 లక్షల ఏళ్ల కిందట, రెండోది 8 లక్షల ఏళ్ల కిందట, మూడోది 5 లక్షల ఏళ్ల కిందట. మన మానవజాతి పుట్టి 3 లక్షల ఏళ్లకు మించలేదు. అంటే ఆ మూడుసార్లూ పాపం చేయడానికి మనమెవరం లేము. నాలుగోసారి, సుమారు 74,000 ఏళ్ల కిందట, మనుషులున్నారు. కొండ పేలడానికి కారణం మాత్రం మారలేదు.

కర్నూలులో ముప్పై ఏళ్లకు పైగా భూగోళం చెప్పినవాణ్ణి. ఆ కారణాన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో! హిందూ మహాసముద్రపు అడుగునున్న పలక ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున సుమత్రా కిందికి దిగుతూ ఉంటుంది. లోతుకు వెళ్లాక అందులోని నీరు పైనున్న రాతిపొరలోకి చేరుతుంది. తడి చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. అలా కరిగినది పైకి వచ్చి, భూమి పైపెంకులో వేల ఏళ్ల పాటు పేరుకుంటుంది. సిలికా ఎక్కువగా ఉన్న చిక్కటి శిలాద్రవం కాబట్టి వాయువులు తేలిగ్గా బయటపడలేవు. చివరికి కప్పు పగులుతుంది. నాలుగోసారి బయటపడిన శిలాద్రవం సుమారు 2,800 ఘన కిలోమీటర్లని అంచనా. కింద ఖాళీ కాగానే పైనేల కుంగింది. ఇప్పుడక్కడ 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పున, అర కిలోమీటరు లోతున సరస్సు ఉంది. తరువాత కిందినుంచి మళ్లీ తోసుకొచ్చిన ఒత్తిడికి సరస్సు అడుగే పైకి లేచి సమోసిర్ దీవి అయింది. ఆ దీవి మీద నేటికీ పాత సరస్సు ఒండ్రు కనిపిస్తుంది. పడమటి ఒడ్డున పుసుక్ బుహిత్ కొండ దగ్గర వేడినీటి ఊటలున్నాయి. ఆ కొండ మీదే తమ మూలపురుషుడు దిగాడని అక్కడి బతక్ ప్రజల నమ్మకం.

వాళ్ల సృష్టికథ నాకు చాలా ఇష్టం. దేవలోకం నుంచి దిగిన దేయక్ పారుజార్ ఆదిజలాల మీద మట్టి పరిచి నేలను చేసింది. కింద నాగ పదోహ అనే మహాసర్పం ఉంది. ఆమె దాన్ని బంధించింది. అది కదిలితే భూమి కంపిస్తుంది. కదలడం దాని స్వభావం, అంతే. ఆ కథలో మనిషి నేరం ప్రసక్తి లేదు.

1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చింది. అది అస్పృశ్యత అనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అని గాంధీజీ అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఒప్పుకోలేదు. ప్రకృతి ఉత్పాతాలకు భౌతిక కారణాలే ఉంటాయని వాదించారు. ఆ ఖండనను గాంధీజీ తన ‘హరిజన్’ పత్రికలోనే అచ్చువేసి, పక్కనే జవాబు రాశారు. అస్పృశ్యత మీద గాంధీజీ ఆవేదనకు చేతులెత్తి మొక్కుతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఠాగూర్ పక్షమే. శిథిలాల కింద పోయినవాళ్లలో ఆ అస్పృశ్యతను భరించినవాళ్లు లేరా?

కర్మ సిద్ధాంతం దగ్గర దీనికి జవాబుందంటారు. ఉంది. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ ప్రశ్నే వస్తుంది: లోకంలో ఇన్ని తేడాలు, ఇంత దుఃఖం ఉంటే ఈశ్వరుడు పక్షపాతి, నిర్దయుడు కాడా? శంకరులు ఆయన్ని వానతో పోల్చారు. వాన అన్ని గింజలకూ ఒకటే, మొలకల్లో తేడా గింజలది. నాకు అర్థమైనంతలో ఆ వాదం ఈశ్వరుడి మీద పడ్డ నిందను తొలగించడానికి పుట్టింది. పక్కింటివాడి మీద నింద మోపడానికి దాన్ని వాడుకుంటున్నది మనం.

2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలును ముంచింది. నీరు తీశాక, బురద ఎత్తిపోస్తున్న మా వీధిలో ఒక పెద్దమనిషి “ఊరి పాపం పండింది” అన్నాడు. మా నాన్నగారు వైదికులు, అప్పటికి నడుము వంగిపోయింది. ఆయన అరుగు మీద నుంచే, “ఎవరి పాపమో చెప్పేటంత చదువు నేను చదవలేదు నాయనా. నువ్వు చదివావా?” అని అడిగారు. ఆ తరువాత తడిసిన తాళపత్రాలు ఎండబెట్టమని నన్ను పంపారు. వరదలో మనిషి బాధ్యత లేదని నేననను. ఏటి ఒడ్డున ఎక్కడ ఇల్లు కట్టామన్నది మన బాధ్యతే. అది విచారించి సరిదిద్దుకోవలసిన తప్పు. పాపమనే మాట ఆ విచారణనే ఆపేస్తుంది.

టోబా బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి మా సీమలోనూ పడింది. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో, జ్వాలాపురంలో, తెల్లగా మెత్తగా ఆ పొర కనిపిస్తుంది. వానలకు కొట్టుకొచ్చి కొన్నిచోట్ల మనిషెత్తుకు మించి పేరుకుంది. రవి కోరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం అక్కడ తవ్వి, బూడిద కిందా, బూడిద పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించింది. రెండూ ఒకే తీరువని వాళ్లు వాదించారు. వాటిని ఎవరు చేశారన్నదాని మీద పండితుల మధ్య తగవు తెగలేదు. టోబా పేలుడుతో మానవజాతి దాదాపు అంతరించిపోయిందన్న పాత ఊహకు మాత్రం ఆ పైపొర రాళ్లు గట్టిగా అడ్డుపడ్డాయి.

పురాణాలు ప్రళయాన్ని నాలుగు రకాలుగా చెప్పాయి. వాటిలో నిత్యప్రళయమని ఒకటుంది. ప్రాణులు క్షణక్షణం లయమవుతూ ఉండడమే అది. దానికి ఎవరూ కోపగించనక్కరలేదు. టోబాను అర్థం చేసుకోవడానికి నాకు ఆ ఆలోచనే అక్కరకొచ్చింది. సరస్సు కింద శిలాద్రవం ఇంకా ఉంది, సమోసిర్ మీద వరి పండుతూనే ఉంది. ఈశ్వరుడి మీద నా నమ్మకం దీనివల్ల తగ్గలేదు. ఆయన చేతిలో బెత్తం పెట్టడం మాత్రం మానేశాను.

జ్వాలాపురం బూడిదను గిన్నెలు తోమే పొడుల కోసం తవ్వి అమ్ముతూ వచ్చారు. బతుకుతెరువు కోసం తవ్వేవాళ్లను తప్పుపట్టను. అయినా కిందిపొరా పైపొరా రెండూ కనిపించే ఒక్క గోడనైనా తవ్వకుండా కాపాడాలి. మా జిల్లాల బడిపిల్లలు అక్కడికి వెళ్లి ఆ బూడిదను చేత్తో తాకి చూడాలి. ప్రళయం గురించి ఎవరేం చెప్పినా, ఆ తరువాత విననివ్వండి.